ఎస్‌ఎంపీఎస్ ‘టిక్ టిక్’మంటూ లేవకపోతే ఎక్కడ మొదలుపెట్టాలి?

మీ ప్రశ్న నాకు అర్థమైన మేరకు ఇది. 12 వోల్టులు, 5 ఆంపియర్లు ఇచ్చే ఎస్‌ఎంపీఎస్ (స్విచ్ మోడ్ పవర్ సప్లై, మెయిన్స్ కరెంటును తక్కువ వోల్టుల డీసీగా మార్చేది) బోర్డు ఒకటి పనిచేయడం మానేసింది. అందులో సప్లైని నడిపించే యూసీ3842 ఐసీ, దాని మాట మీద స్విచ్‌లా పనిచేసే మోస్‌ఫెట్ విడిగా ఒకటి, ఫీడ్‌బ్యాక్ కోసం, అంటే అవుట్‌పుట్ ఎంత ఉందో ఐసీకి తెలపడానికి, పీసీ817 ఆప్టోకప్లర్ (కాంతి ద్వారా సంకేతం దాటించే భాగం), వోల్టేజీని పోల్చి చూసే టీఎల్431 ఉన్నాయి. ఫ్యూజు పోలేదు. పెద్ద కెపాసిటర్ మీద 320 వోల్టుల డీసీ కనిపిస్తోంది. లోడ్ తీసేసి చూసినా అవుట్‌పుట్ అర వోల్టు దాకా ఎగిరి వెంటనే పడిపోతోంది, సెకనుకు ఒకటి రెండు సార్లు సన్నగా ‘టిక్’మంటోంది. మోస్‌ఫెట్, ఐసీ రెండుసార్లు మార్చినా ఫలితం లేదు కాబట్టి ఇక ట్రాన్స్‌ఫార్మర్ విప్పి మళ్ళీ చుట్టాలా అని అడిగారు.

విప్పవద్దు. మీరు రాసిన లక్షణాలను బట్టి చూస్తే సెకండరీ (ట్రాన్స్‌ఫార్మర్‌కు అవుట్‌పుట్) వైపు ఉన్న షాట్కీ డయోడ్ షార్ట్ అయి ఉండడానికే ఎక్కువ అవకాశం ఉంది. అది కాకపోతే అవుట్‌పుట్ కెపాసిటర్లలో ఒకటో, అవుట్‌పుట్‌కు అడ్డంగా రక్షణ కోసం పెట్టిన జీనర్ డయోడో షార్ట్ అయి ఉంటుంది. ట్రాన్స్‌ఫార్మర్‌లో చుట్లు ఒకదానికొకటి అంటుకుపోయినా ఇలాంటి లక్షణాలే కనిపిస్తాయి గాని, ఫ్యాక్టరీలో చుట్టిన ట్రాన్స్‌ఫార్మర్ అలా పాడవడం నేను చాలా తక్కువగా చూశాను, అందుకే దాన్ని అనుమానితుల వరుసలో చివర నిలబెడతాను. ఇంకొక మాట కూడా ఇప్పుడే చెప్పాలి. తప్పు ఎక్కడుందో తేలేవరకు ఈ బోర్డును మళ్ళీ మెయిన్స్‌కు తగిలించకండి. దాదాపు మొత్తం పరీక్షను రెండు 9 వోల్టుల బ్యాటరీలతో, ఒక బెంచ్ సప్లైతో, మల్టీమీటర్‌తో చేయవచ్చు.

అంత నమ్మకంగా డయోడ్ పేరు ఎందుకు చెప్పానో వివరిస్తాను, ఎందుకంటే ఈ తర్కం పట్టుబడితే మీకు రాబోయే చాలా బోర్డులకు పనికొస్తుంది.

యూసీ3842 ఐసీకి కరెంటు మొదట స్టార్టప్ రెసిస్టర్ గుండా వస్తుంది. పెద్ద కెపాసిటర్ మీది 325 వోల్టుల పట్టీ (సప్లై లైను) నుండి, ఉదాహరణకు 300 కిలో ఓముల రెసిస్టర్ గుండా, దాదాపు ఒక మిల్లీ ఆంపియర్ వచ్చి 7వ పిన్ దగ్గరి చిన్న కెపాసిటర్‌ను నింపుతుంది. ఆ పిన్ మీద వోల్టేజీ 16కు చేరేవరకు ఐసీ నిద్రలో ఉండి అర మిల్లీ ఆంపియర్ మాత్రమే తాగుతుంది. 16 దాటగానే లేచి మోస్‌ఫెట్‌కు పల్స్‌లు ఇవ్వడం మొదలుపెడుతుంది. లేచిన ఐసీకి 11 మిల్లీ ఆంపియర్లు, గేటును నడపడానికి మరో మూడు నాలుగు, వెరసి దాదాపు 15 మిల్లీ ఆంపియర్లు కావాలి. అంత కరెంటు స్టార్టప్ రెసిస్టర్ ఇవ్వలేదు. అందుకే ఆ చిన్న కెపాసిటర్ ఖాళీ అయ్యేలోపే ట్రాన్స్‌ఫార్మర్‌లోని సహాయక వైండింగ్ అందుకుని ఐసీని పోషించాలి. అది అందుకోకపోతే 7వ పిన్ 16 నుండి 10 వోల్టులకు పడిపోతుంది, ఐసీ మళ్ళీ నిద్రపోతుంది, కెపాసిటర్ మళ్ళీ నిండుతుంది. దీన్నే హిక్కప్ అంటారు. నిజంగానే బోర్డుకు వెక్కిళ్ళు పట్టినట్టే ఉంటుంది. మీరు వింటున్న ‘టిక్’, ఐసీ మెలకువగా ఉన్న ఆ కొద్ది మిల్లీ సెకన్లలో ట్రాన్స్‌ఫార్మర్ చేసే చప్పుడు.

ఇప్పుడు లెక్క చూడండి. 7వ పిన్ దగ్గర 47 మైక్రోఫారడ్ల కెపాసిటర్ ఉంటే, అది 15 మిల్లీ ఆంపియర్ల లోడ్‌తో 6 వోల్టులు పడిపోవడానికి దాదాపు 19 మిల్లీ సెకన్లు పడుతుంది. తిరిగి నిండడానికి, మిగులు కరెంటు అర మిల్లీ ఆంపియర్ అనుకుంటే, అర సెకనుకు పైగా పడుతుంది. అంటే సెకనుకు ఒకటి రెండు టిక్‌లు. మీరు రాసిన లెక్క సరిగ్గా ఇదే. అదే కెపాసిటర్ ఎండిపోయి 3 మైక్రోఫారడ్లకు దిగిపోయి ఉంటే, సెకనుకు ఇరవైకి పైగా వెక్కిళ్ళు వచ్చేవి, మీకు టిక్ బదులు ‘జ్ర్‌ర్’మనే చప్పుడు వినిపించేది. టిక్‌ల వేగం 7వ పిన్ కెపాసిటర్ ఆరోగ్యాన్ని చెబుతుంది. మీది నెమ్మదిగా ఉంది కాబట్టి ఆ కెపాసిటర్‌ను ప్రస్తుతానికి పక్కన పెట్టవచ్చు.

ఇక రెండవ ఆధారం, మీరు అంతగా పట్టించుకోకుండా రాసిన అర వోల్టు. సహాయక వైండింగ్ వైపు డయోడో, దానితో సీరీస్‌లో ఉన్న చిన్న రెసిస్టరో తెగిపోయి ఉంటే ఐసీ నిలబడలేదు, నిజమే. కానీ మెలకువగా ఉన్న ఆ 19 మిల్లీ సెకన్లలో సెకండరీకి పూర్తి శక్తి వెళుతుంది. ఈ పరిమాణపు సప్లై 2000 మైక్రోఫారడ్ల అవుట్‌పుట్ కెపాసిటర్లను లోడ్ లేకుండా 12 వోల్టులకు నింపడానికి రెండు మూడు మిల్లీ సెకన్లు చాలు. అంటే అప్పుడు ప్రతి టిక్‌కు అవుట్‌పుట్ 12 దాకా ఎగరాలి, లోడ్ లేదు కాబట్టి కాసేపు అక్కడే ఉండాలి. మీ దగ్గర అర వోల్టు దాటడం లేదు. పంపిన శక్తి నిలవకుండా ఎక్కడో షార్ట్‌లో పోతోందన్నమాట.

మూడవది ఆప్టోకప్లర్ సంగతి. దాని ట్రాన్సిస్టర్ వైపు షార్ట్ అయి ఐసీకి ‘ఇక చాలు, ఆపు’ అని నిరంతరం చెబుతూ ఉంటే, 7వ పిన్ 16కూ 10కీ మధ్య ఊగుతుంది గాని పల్స్‌లు ఉండవు, కాబట్టి చప్పుడూ ఉండదు, అవుట్‌పుట్ కదలనే కదలదు. మీ బోర్డులో చప్పుడు ఉంది. పల్స్‌లు వస్తున్నాయి, మోస్‌ఫెట్ స్విచ్ అవుతోంది. మీరు రెండుసార్లు మార్చిన భాగాలు రెండూ మొదటినుండీ బాగానే ఉండి ఉండవచ్చు.

పని మొదలుపెట్టే ముందు భద్రత గురించి. పనిచేయని సప్లై, పనిచేసే సప్లై కంటే ప్రమాదకరం. పనిచేసేది ప్లగ్ తీయగానే తన పెద్ద కెపాసిటర్‌ను తానే ఖాళీ చేసుకుంటుంది. పనిచేయని దానిలో ఆ ఛార్జిని తాగేవారు లేరు. స్టార్టప్ రెసిస్టర్ తెగిపోయి ఉంటే మరీ ఎక్కువసేపు నిలుస్తుంది. 100 మైక్రోఫారడ్లు, 325 వోల్టులు అంటే 5 జౌళ్ళకు పైగా శక్తి. నేను 2.2 కిలో ఓముల, 10 వాట్ల వైర్‌వౌండ్ రెసిస్టర్‌కు రెండు ఇన్సులేటెడ్ ప్రోబులు బిగించి ఉంచుకున్నాను. కెపాసిటర్ రెండు కాళ్ళ మీద నాలుగైదు సెకన్లు ఆనించి, తరువాత మీటరుతో చూసి, 5 వోల్టుల లోపు ఉంటేనే చేయి పెడతాను. స్క్రూడ్రైవర్‌తో షార్ట్ చేసే అలవాటు మానుకోవాలి. అది కెపాసిటర్‌ను, బోర్డు ట్రాక్‌ను, కొన్నిసార్లు కంటిని దెబ్బతీస్తుంది.

ఆసిలోస్కోప్ ఉన్నవారు ఇంకొక విషయం గుర్తుంచుకోవాలి. ప్రోబు గ్రౌండ్ క్లిప్ మెయిన్స్ ఎర్త్‌కు కలిసి ఉంటుంది. దాన్ని ప్రైమరీ (మెయిన్స్) వైపు గ్రౌండ్‌కు తగిలిస్తే బ్రిడ్జి డయోడ్ గుండా నేరుగా షార్ట్ పడుతుంది. నేను పని నేర్చుకుంటున్న రోజుల్లో ఈ పొరపాటుతో ఒక బ్రిడ్జినీ, ఒక ప్రోబునూ పోగొట్టాను, పక్కన నిలబడిన మనిషికి ఏమీ కాకపోవడం అదృష్టం. ఐసోలేషన్ ట్రాన్స్‌ఫార్మర్ గాని, డిఫరెన్షియల్ ప్రోబు గాని లేనిదే మెయిన్స్ మీద ఉన్న ప్రైమరీని స్కోప్‌తో చూడకూడదు. నేను చెప్పబోయే పద్ధతిలో మెయిన్స్ ఉండదు కాబట్టి ఈ చిక్కూ ఉండదు.

ముందుగా మీ బోర్డులో అసలు అనుమానితుడిని చూద్దాం. ప్లగ్ తీసి, కెపాసిటర్ ఖాళీ చేసి, మీటరును డయోడ్ స్థానంలో పెట్టి, సెకండరీ హీట్‌సింక్ మీద ఉన్న మూడు కాళ్ళ డయోడ్‌ను కొలవండి. బాగున్న షాట్కీ ఒక దిశలో 0.15 నుండి 0.3 వోల్టుల దాకా చూపి, రెండవ దిశలో ఏమీ చూపదు. రెండు దిశల్లోనూ సున్నా వచ్చి మీటరు బీప్‌మంటే షార్ట్ ఉన్నట్టే. అయితే ఇక్కడే ఒక తికమక ఉంది. ఆ ప్యాకేజీలో రెండు డయోడ్లు ఉంటాయి, చాలా బోర్డుల్లో రెంటినీ సమాంతరంగా కలిపేస్తారు. అందువల్ల ఒకటి పోయినా రెండూ పోయినట్టు కనిపిస్తాయి, రెండూ బాగున్నా అవుట్‌పుట్‌లో మరేదైనా షార్ట్ ఉంటే వైండింగ్ గుండా అదే రీడింగ్ వస్తుంది. కాబట్టి డయోడ్‌ను పూర్తిగా ఊడదీసి బయట కొలవండి. ఊడదీశాక బోర్డు మీద అవుట్‌పుట్ ప్లస్, మైనస్ మధ్య షార్ట్ మాయమైతే దోషి డయోడే. షార్ట్ బోర్డు మీదే మిగిలితే కెపాసిటర్లను, జీనర్‌ను ఒక్కొక్కటిగా ఒక కాలు ఎత్తి చూడాలి.

కొన్ని షాట్కీలు మీటరు ఇచ్చే చిన్న వోల్టేజీకి బాగున్నట్టే కనిపించి, పది ఇరవై వోల్టుల రివర్స్ పడగానే లీక్ అవుతాయి. వేడెక్కితే మరీ ఎక్కువ. డయోడ్ కొలతలో బాగుందని తేలినా వెంటనే ట్రాన్స్‌ఫార్మర్ మీదికి పోకండి. బెంచ్ సప్లైని 50 మిల్లీ ఆంపియర్ల పరిమితితో పెట్టి డయోడ్‌కు రివర్స్‌లో 30 వోల్టులు ఇచ్చి చూడండి. మామూలు ఉష్ణోగ్రతలో ఒక మిల్లీ ఆంపియర్ లోపే ఉండాలి. నాకు ఒకసారి ఈ పరీక్షలో 40 మిల్లీ ఆంపియర్లు తాగిన డయోడ్ దొరికింది. అంతకుముందు దాన్ని మీటరు మూడుసార్లు ‘మంచిదే’ అని చూపింది.

కొత్త డయోడ్ వేసేటప్పుడు రివర్స్ వోల్టేజీ రేటింగ్ తగ్గించవద్దు. ఇటువంటి 12 వోల్టుల సప్లైలో డయోడ్ మీద మామూలుగానే 50, 60 వోల్టులు రివర్స్‌లో పడతాయి, వాటి మీద స్విచింగ్ ముల్లు (క్షణంపాటు ఎగిరే వోల్టేజీ) అదనం. అందుకే 100 వోల్టుల రకం వాడతారు. చేతికి దొరికిందని 45 వోల్టుల డయోడ్ వేస్తే మొదటి సెకనులోనే మళ్ళీ షార్ట్ అవుతుంది.

ఇప్పుడు బ్యాటరీల పరీక్ష. డయోడ్ మార్చాక గాని, డయోడ్ బాగుందని తేలాక గాని ఇది చేయండి. కొత్త 9 వోల్టుల బ్యాటరీలు రెండు సీరీస్‌లో కలిపితే 18 వోల్టులకు కొద్దిగా పైన వస్తుంది. యూసీ3842కు 16 దాటాలి, 30 దాటకూడదు, కాబట్టి ఇది సరిగ్గా సరిపోతుంది. ప్లస్‌ను 7వ పిన్‌కు, మైనస్‌ను 5వ పిన్‌కు ఇవ్వండి. మెయిన్స్ ప్లగ్ బల్ల మీదే ఉండాలి. మీటరు నల్ల ప్రోబును 5వ పిన్ దగ్గరే ఉంచండి. అవుట్‌పుట్ మైనస్‌కు తగిలించి ప్రైమరీని కొలవడం చాలామంది చేసే పొరపాటు. ఆ రెండు గ్రౌండ్లూ వేరు, వాటి మధ్య కొలిచిన అంకెకు అర్థం ఉండదు.

మొదట 7వ పిన్‌నే చూడండి. బ్యాటరీ వోల్టేజీ కుప్పకూలితే ఐసీ గాని, ఆ పట్టీ మీది కెపాసిటర్ గాని షార్ట్ అయినట్టు. నిలబడితే 8వ పిన్ మీద 5 వోల్టులు, అటూ ఇటూగా 0.1 తేడాతో, ఉండి తీరాలి. 7వ పిన్‌లో 18 ఉండి 8వ పిన్‌లో ఏమీ లేకపోతే ఐసీ పోయింది, లేదా 8వ పిన్ మీది చిన్న సిరామిక్ కెపాసిటర్ షార్ట్ అయింది. ఐసీ మార్చే ముందు ఆ కెపాసిటర్‌ను కొలవడం మరచిపోకండి.

తరువాత 4వ పిన్. అక్కడ రంపపు పళ్ళ ఆకారపు తరంగం, 1.7 వోల్టుల ఎత్తున, ఉండాలి. స్కోప్ లేకపోతే మీటరు డీసీ స్థానంలో దాదాపు 2 వోల్టులు చూపుతుంది. సున్నాగానో, 5 గానో నిలిచిపోయి ఉంటే ఆసిలేటర్ నడవడం లేదు. దాని వేగాన్ని నిర్ణయించేది 8 నుండి 4కు ఉన్న రెసిస్టర్, 4 నుండి గ్రౌండ్‌కు ఉన్న కెపాసిటర్. 10 కిలో ఓములు, 3.3 నానోఫారడ్లు అయితే 52 కిలోహెర్ట్జ్ వస్తుంది. అదే బోర్డులో యూసీ3844 ఉంటే 6వ పిన్ మీద కనిపించేది దానిలో సగమే, అది తప్పు కాదు, ఆ ఐసీ తీరే అంత.

1వ పిన్ మీద ఎక్కువసేపు ఆగండి, ఫీడ్‌బ్యాక్ కథ అంతా అక్కడే ఉంది. ఇప్పుడు అవుట్‌పుట్‌లో వోల్టేజీ లేదు కాబట్టి ‘ఇంకా కావాలి’ అన్నట్టు 1వ పిన్ పైకి, 4 వోల్టులకు మించి, ఉండాలి. అది 1.4 వోల్టుల కంటే కింద ఉంటే లోపలి నిర్మాణం ప్రకారం 6వ పిన్ నుండి పల్స్ రాదు. అప్పుడు ఆప్టోకప్లర్ ట్రాన్సిస్టర్ వైపు ఒక కాలు ఎత్తి చూడండి. 1వ పిన్ పైకి లేస్తే ఆప్టో పోయినట్టు. ఆప్టోను 1వ పిన్‌కు కాకుండా 2వ పిన్‌కు కలిపిన డిజైన్లు కూడా ఉన్నాయి, కాబట్టి ముందు ట్రాక్ వెంట వేలు పెట్టి అది ఎటు పోతోందో చూసుకోండి.

చివరగా 6వ పిన్, ఆపైన మోస్‌ఫెట్ గేటు. ఈ రెండు చోట్లా ఒకే పల్స్ కనిపించాలి. పిన్ మీద ఉండి గేటు మీద లేకపోతే మధ్యనున్న పది ఇరవై ఓముల గేట్ రెసిస్టర్ తెగింది. ఫ్రీక్వెన్సీ కొలిచే మీటరు ఉన్నవారికి ఇక్కడ స్కోప్ అవసరం కూడా లేదు.

ఈ పరీక్ష నెగ్గితే ఐసీ, గేటు డ్రైవ్ బాగున్నాయని మెయిన్స్ ముట్టకుండానే తేలిపోయినట్టు. తరువాతి మెట్టు నాకు చాలా ఇష్టమైనది. బ్యాటరీలను అలాగే ఉంచి, పెద్ద కెపాసిటర్ మీద 325కు బదులు బెంచ్ సప్లై నుండి 30 వోల్టులు ఇవ్వండి, కరెంటు పరిమితి అర ఆంపియర్ దగ్గర పెట్టండి. అవుట్‌పుట్‌కు 100 ఓముల, 5 వాట్ల రెసిస్టర్ ఒకటి లోడ్‌గా తగిలించండి. ట్రాన్స్‌ఫార్మర్, డయోడ్, ఫీడ్‌బ్యాక్ బాగుంటే ఇంత తక్కువ ఇన్‌పుట్‌తో కూడా ఆ చిన్న లోడ్ మీద 12 వోల్టులు లేచి నిలబడుతుంది. నిలబడితే మీ బోర్డు దాదాపు బాగైనట్టే. బెంచ్ సప్లై కరెంటు పరిమితికి వెళ్ళి అవుట్‌పుట్ లేవకపోతే షార్ట్ ఇంకా ఉంది, కానీ దాన్ని వెతికే సమయంలో ఏదీ పేలదు, ఏదీ కాలదు, తీరికగా వేలితో తాకి వేడెక్కుతున్న భాగాన్ని కనిపెట్టవచ్చు. సెకండరీ డయోడ్‌ను ఊడదీసి ఉంచినప్పుడు కూడా సప్లై పరిమితికే వెళుతుంటే, ప్రైమరీ క్లాంప్ భాగాలు (మోస్‌ఫెట్ మీద ఎగిరే వోల్టేజీని అణిచేవి), సహాయక వైండింగ్ డయోడ్ బాగున్నాయని చూసుకున్నాక, అప్పుడు మాత్రమే ట్రాన్స్‌ఫార్మర్‌ను అనుమానించండి.

ఫీడ్‌బ్యాక్‌ను విడిగా పరీక్షించే పద్ధతి కూడా ఒకటి ఉంది. బోర్డుకు వేరే ఏ కరెంటూ ఇవ్వకుండా అవుట్‌పుట్ టెర్మినళ్ళకు బయటి నుండి బెంచ్ సప్లై కలిపి 0 నుండి నెమ్మదిగా పెంచండి, ఆప్టో ట్రాన్సిస్టర్ రెండు కాళ్ళ మధ్య మీటరును ఓముల స్థానంలో ఉంచండి. 12 చేరువయ్యేదాకా పెద్ద అంకె చూపి, దాటగానే అది ఒక్కసారిగా పడిపోవాలి. టీఎల్431 రిఫరెన్స్ పిన్ 2.5 వోల్టులకు చేరే క్షణం అదే. అవుట్‌పుట్‌లో కొంత భాగాన్ని ఆ పిన్‌కు ఇచ్చే రెసిస్టర్ల జంట, అంటే విభాజకం, 39, 10 కిలో ఓములది అయితే ఆ మలుపు 12.2 దగ్గర వస్తుంది. 14 దాటినా మార్పు లేకపోతే ఆ సప్లైని మెయిన్స్‌కు తగిలించడం ప్రమాదం, ఎందుకంటే ఫీడ్‌బ్యాక్ తెగిన సప్లై అవుట్‌పుట్‌ను హద్దు లేకుండా పెంచి దాని మీద ఆధారపడిన పరికరాన్ని కాల్చివేస్తుంది.

మీ బోర్డుకు వర్తించకపోయినా, ఇదే ప్రశ్నతో ఇక్కడికి వచ్చేవారి కోసం రెండు అనుభవాలు చెబుతాను.

ఏళ్ళ తరబడి ఆపకుండా నడిచిన సప్లై ఒకటి నా దగ్గరికి వచ్చింది. ఒక రోజు మరమ్మతు కోసం కరెంటు ఆపి మళ్ళీ వేస్తే లేవలేదట. ‘నిన్నటిదాకా బాగుంది, ఆపితే ఎలా పాడవుతుంది’ అని తెచ్చినవారి బాధ. అది నిన్న పాడవలేదు, ఎప్పుడో పాడయింది. నడుస్తున్నంతకాలం సహాయక వైండింగే ఐసీని పోషిస్తుంది కాబట్టి స్టార్టప్ రెసిస్టర్, 7వ పిన్ కెపాసిటర్ ఎంత క్షీణించినా బయటపడదు. మళ్ళీ లేవవలసి వచ్చినప్పుడే పడుతుంది. మూత తీసి చూస్తే ఆ కెపాసిటర్ స్టార్టప్ రెసిస్టర్‌కు ఆనుకునే ఉంది, దాని ప్లాస్టిక్ తొడుగు ఆ వైపు మాత్రమే ముడుచుకుని, లోపలి అల్యూమినియం గోరు వెడల్పున బయటపడింది. హెయిర్ డ్రయ్యర్‌తో దాన్ని నిమిషం పాటు వేడిచేసి కరెంటు ఇస్తే సప్లై లేచింది, చల్లారాక మళ్ళీ లేవలేదు. ఊడదీసి కొలిస్తే 47 మైక్రోఫారడ్లకు 4 మాత్రమే మిగిలాయి. 105 డిగ్రీల రకం వేసి, కాళ్ళు కొంచెం వంచి రెసిస్టర్‌కు దూరంగా జరిపాను. ఎలక్ట్రోలైటిక్‌కు పది డిగ్రీలు తగ్గితే ఆయుష్షు దాదాపు రెట్టింపు అవుతుంది కాబట్టి ఆ కొద్దిపాటి ఎడం కూడా లెక్కలోకి వస్తుంది.

స్టార్టప్ రెసిస్టర్ విలువ పెరగడం కూడా ఇదే కోవలోకి వస్తుంది. 300 కిలో ఓములది ఒక మెగా ఓముకు ఎగబాకితే వచ్చేది 0.3 మిల్లీ ఆంపియర్లు. నిద్రలో ఉన్న ఐసీకి కావలసిన అర మిల్లీ ఆంపియరే అందదు, 7వ పిన్ 16కు ఎన్నటికీ చేరదు. అప్పుడు చప్పుడు లేదు, వెక్కిళ్ళు లేవు, 7వ పిన్ ఏ 9 దగ్గరో 11 దగ్గరో కదలకుండా నిలిచి ఉంటుంది. ఊగడం, నిలిచిపోవడం మధ్య తేడాను డిజిటల్ మీటరు అంత బాగా చూపదు. పాత ముల్లు మీటరు ఉంటే దాన్ని ఈ ఒక్క పనికైనా దాచుకోండి.

రెండవ అనుభవం స్వయంగా ట్రాన్స్‌ఫార్మర్ చుట్టుకున్న విద్యార్థిది. అతని బోర్డు లక్షణాలు అచ్చం మీవే, కానీ డయోడ్ బాగుంది. సెకండరీ చివరలు తారుమారయ్యాయి. ఫ్లైబ్యాక్‌లో, అంటే ఈ రకం సప్లైలో, మోస్‌ఫెట్ ఆన్‌లో ఉన్నంతసేపు శక్తి కోర్‌లో నిల్వ కావాలి, ఆఫ్ అయ్యాక సెకండరీకి పోవాలి. చివరలు తారుమారైతే ఆన్‌లో ఉండగానే డయోడ్ దారి ఇస్తుంది, ఖాళీ అవుట్‌పుట్ కెపాసిటర్ నేరుగా లోడ్‌గా పడుతుంది, కరెంటు ఒక్కసారిగా పెరిగి, దాన్ని గమనించే 3వ పిన్ 1 వోల్టు తాకుతుంది, ఐసీ ఆ పల్స్‌ను మొదట్లోనే కోసేస్తుంది. సెకండరీ రెండు తీగలు మార్చి టంకం పెడితే మొదటిసారే లేచింది. మీది ఫ్యాక్టరీ బోర్డు కాబట్టి ఈ సందేహం మీకు లేదు. విప్పి చుట్టి ఉంటే మాత్రం మీరే దీన్ని కొని తెచ్చుకునేవారు.

మోస్‌ఫెట్ నిజంగా పేలిపోయిన బోర్డుల విషయంలో ఒకే మాట: దాన్ని ఒక్కదాన్నే మార్చకండి. సోర్సులోని సెన్స్ (కరెంటును కొలిచే) రెసిస్టర్, గేట్ రెసిస్టర్, గేటు జీనర్, ఐసీ, డ్రెయిన్ మీది క్లాంప్ డయోడ్, కెపాసిటర్, రెసిస్టర్ అన్నీ చూడాలి. ఒక బోర్డులో మూడు మోస్‌ఫెట్లు వరుసగా పోయాక క్లాంప్ కెపాసిటర్ టంకం కింద వెంట్రుకంత చీలిక కనిపించింది. అది లేకపోతే డ్రెయిన్ మీద 325కు తోడు సెకండరీ నుండి ప్రతిఫలించే వంద వోల్టులు, వాటి మీద లీకేజీ ముల్లు కలిసి 600 వోల్టుల మోస్‌ఫెట్‌ను చంపేస్తాయి.

ఇక మీ బోర్డును మళ్ళీ మెయిన్స్‌కు తగిలించే రోజు సంగతి. లైవ్ తీగలో 60 వాట్ల ఫిలమెంట్ బల్బు ఒకటి సీరీస్‌లో పెట్టండి. ఎల్‌ఈడీ బల్బు ఈ పనికి రాదు. బల్బు ఒక్క క్షణం వెలిగి ఆరిపోతే పెద్ద కెపాసిటర్ నిండింది, షార్ట్ లేదు. నిండుగా వెలుగుతూనే ఉంటే వెంటనే ప్లగ్ తీయండి, బల్బు కరెంటును పావు ఆంపియర్ దగ్గర ఆపింది కాబట్టి ఏ భాగమూ పోయి ఉండదు. 12 వోల్టులు నిలబడ్డాక లోడ్ పెంచడానికి ముందు బల్బు తీసేయాలి. బల్బు ఉండగా లోడ్ పెంచితే ఇన్‌పుట్ కుంగి, బాగున్న సప్లై కూడా వెక్కిళ్ళు పెడుతుంది, దాన్ని చూసి మళ్ళీ మొదటికి వచ్చినవారున్నారు. ఆ తరువాత పూర్తి లోడ్ మీద అరగంట నడిపి, ప్లగ్ తీసి, కెపాసిటర్ ఖాళీ చేసి, కొత్త డయోడ్, అవుట్‌పుట్ కెపాసిటర్లు ఎంత వేడెక్కాయో చూడండి. పాత డయోడ్ షార్ట్ అయిన బోర్డులో ఆ కెపాసిటర్ల ఈఎస్ఆర్ (లోపలి నిరోధం) కూడా ఒకసారి కొలవడం మంచిది. మామూలు మీటరు కెపాసిటెన్స్ సరిగ్గానే చూపినా, పదుల మిల్లీ ఓముల్లో ఉండవలసిన ఈఎస్ఆర్ ఒక ఓముకు చేరి ఉండవచ్చు, కొత్త డయోడ్‌కు అది భారం.

ముందుగా డయోడ్ ఊడదీసి కొలిచి, బ్యాటరీలు పెట్టినప్పుడు 7, 8, 4, 1 పిన్‌ల మీద వచ్చిన అంకెలు నాలుగూ ఇక్కడే రాయండి. డయోడ్ బాగుందని తేలితే అవుట్‌పుట్ వైపు బోర్డు అడుగు ఫోటో కూడా పెట్టండి, షార్ట్ ఎక్కడుండవచ్చో ట్రాక్‌లను బట్టి చూసి చెబుతాను.